టెక్ సందేహాలు: ఇండక్షన్ స్టవ్ మంచిదే, ముందు మీ గిన్నె సంగతి చూడండి

ఈ వారం ఫోన్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. వంటింటి సామాను గురించి వచ్చినవి పోగుపడి ఉన్నాయి, పైగా వీటిలో తప్పు జరిగితే డబ్బుతో పోయేది కాదు, ఒళ్లు కాలుతుంది.

2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కొన్నాం. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెల్లో రెండే పనిచేస్తున్నాయి. మిగతావి పెడితే బీప్ బీప్ అని ఆగిపోతోంది. సంగటి చేసే సత్తు (అల్యూమినియం) గిన్నెకైతే అసలు వేడే రావడం లేదు. స్టవ్ వెనక్కి ఇచ్చేయాలా? (ధర్మవరం)

వద్దండీ, స్టవ్ బాగానే ఉంది. ఆ గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది, దానిలో కరెంటు సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా అటూ ఇటూ దిశ మారుతూ ఉంటుంది, దాంతో పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగులో కరెంటు పుట్టించి ఆ అడుగునే వేడెక్కిస్తుంది. అంటే మంట స్టవ్‌లో లేదు, మీ గిన్నెలోనే ఉంది. అందుకే అడుగు అయస్కాంతానికి అంటుకునే రకమై ఉండాలి. సత్తు, రాగి, ఇత్తడి అంటుకోవు. స్టీలులో రెండు రకాలున్నాయి: మెరుపు బాగా ఉండి తుప్పు పట్టని 304 రకానికి అయస్కాంతం అంటదు, 430 రకానికి అంటుతుంది. మీ ఇంట్లో ఆ రెండు గిన్నెలు పనిచేసి మిగతావి చేయకపోవడానికి కారణం ఇదే.

ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ అయస్కాంతం తీసుకుని గిన్నెను బోర్లించి అడుగున పెట్టి చూడండి. పక్కన కాదు, అడుగునే, ఎందుకంటే చాలా గిన్నెలకు కింద వేరే బిళ్ల అతికిస్తారు. టక్కున పట్టుకుంటే మంచిది. జారుతూ జారుతూ నిలబడితే ఆ గిన్నె వేడెక్కుతుంది గానీ ఆలస్యం చేస్తుంది. నేను పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి సంచిలో వేసుకుని పాత్రల షాపుకు వెళ్తాను, ఇప్పటిదాకా ఏ షాపాయనా వద్దనలేదు. 'ఇండక్షన్ బేస్' అన్న స్టిక్కర్ కంటే నాకు ఆ అయస్కాంతం మీదే నమ్మకం.

ఇక సంగటి. పలుచని స్టీలు గిన్నెలో చేస్తే అన్నం, రాగిపిండి సరిగ్గా కింద తీగ చుట్ట ఉన్నచోటే చేతి గాజంత మందాన గుండ్రంగా మాడి అంటుకుంటాయి, మధ్యలో మాత్రం తెల్లగా ఉంటుంది. గిన్నె కడిగేటప్పుడు ఆ నల్లటి వలయం చూస్తే కింద చుట్ట ఎంత ఉందో కొలిచి చెప్పొచ్చు. దీనికి ట్రైప్లై గిన్నె కొనుక్కోండి. లోపల 304 స్టీలు, మధ్యలో అల్యూమినియం, బయట 430 స్టీలు, మూడు పొరలు. మధ్య పొర వేడిని అంతటా సర్దుతుంది. ఖరీదు ఎక్కువే, కానీ ఒక్క గిన్నె మీద పెట్టాల్సిన డబ్బు అది. పిండి ఉడికాక గిన్నెను కిందికి దించి, చుట్టకుదురు మీద పెట్టి అప్పుడు తెడ్డుతో గెలకండి. స్టవ్ మీదే గెలికితే గిన్నె గాజు మీద గిర్రున తిరుగుతుంది, దెబ్బ గట్టిగా పడితే పలక పగులుతుంది. సత్తు గిన్నె కింద పెట్టుకోమని అమ్మే ఇనుప బిళ్లలు కొనొద్దు, ఆ బిళ్ల వేడంతా గాజుకే దిగి స్టవ్ ఆగిపోతుంటుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకూడదు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు. ఫ్రిజ్, గీజర్లకు వాడే 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. వంట అయిన వెంటనే గోడ స్విచ్ ఆపేయకండి, లోపలి ఫ్యాన్ ఆగేదాకా ఉండండి. నా మొదటి స్టవ్ రెండో ఎండాకాలానికే పోయింది. గట్టు మీద మరక పడకూడదని కింద పేపర్ పరిచాను, అది ఫ్యాన్ రంధ్రాలకు అతుక్కుపోయింది, గాలి ఆడక లోపలి బోర్డు కాలింది. మన అనంతపురం ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో వంటిల్లు ముందే ఉడుకుతుంటుంది, ఆ ఫ్యాన్‌కు గాలి మీరే ఇవ్వాలి. స్టవ్‌ను గోడకు జానెడు దూరం పెట్టండి.

ఆన్‌లైన్‌లో 5 లీటర్ల కుక్కర్ చాలా తక్కువకు దొరుకుతోంది. ఫొటోలో ఐఎస్ఐ గుర్తు ఉంది. నమ్మొచ్చా? (ప్రొద్దుటూరు)

ఫొటోను నమ్మకండి, నంబరును నమ్మండి. 2021 నుంచి మన దేశంలో అమ్మే ఇంటి ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 2347 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఫోన్‌లో ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థవాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్ వేసుకుని, లైసెన్స్ వివరాలు చూసే చోట ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, లైసెన్స్ నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. పెట్టె మీది పేరు, యాప్‌లో పేరు కలవాలి. కలవకపోతే ఆ రోజే వెనక్కి పంపేయండి.

కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది, ఆవిరికి దారి మూసుకుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రోజూ మూత పెట్టే ముందు వెయిట్ తీసి, ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి అవతలికి కనిపిస్తోందా చూడండి. కందిపప్పు తొక్క ఒక్కటి చాలు మూసేయడానికి. పప్పు, శనగలు లాంటివి వేస్తే నీళ్లతో కలిపి సగానికి మించొద్దు. సేఫ్టీ వాల్వ్, రబ్బరు ఆ కంపెనీవే వేయించండి. సంతలో పది రూపాయలకు దొరికే వాల్వ్ సరైన వేడి దగ్గర కరిగి ఆవిరిని వదులుతుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

దోసె పెనం వేడి చూడటానికి ఐఆర్ థర్మామీటర్ (తాకకుండా దూరం నుంచే వేడి చెప్పే గన్) కొన్నా. ఇనుప పెనం మీద బాగా చూపిస్తోంది, స్టీలు బాండ్లి మీద 70 అంటోంది, నీళ్లు చల్లితే మాత్రం చుయ్యిమని ఎగిరిపోతున్నాయి. పాడైందా? (నంద్యాల)

పాడవలేదు. ఆ గన్ వస్తువు నుంచి వచ్చే వేడి కిరణాలను కొలుస్తుంది. నల్లటి ఇనుము వాటిని బాగా వదులుతుంది, మెరిసే స్టీలు వదలదు, అద్దంలా గదినే తిప్పి చూపిస్తుంది. బాండ్లిలో చెంచాడు నూనె పోసి, నూనె మీద కొట్టి చూడండి, నిజానికి దగ్గరగా వస్తుంది.

ఆ గన్‌కు అసలు ఉపయోగం నాన్‌స్టిక్ దగ్గర ఉంది. ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, ఇంకా పెరిగితే పొగ వస్తుంది, ఆ పొగకు ఇంట్లో పెంచే చిలుకలు, లవ్ బర్డ్స్ చనిపోతాయి. ఖాళీ పెనాన్ని ఇండక్షన్ మీద ఫుల్‌లో పెట్టి ఫోన్ ఎత్తితే మాట పూర్తయ్యేలోపు ఆ వేడి దాటిపోతుంది. ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లే దోసెకు మాత్రం నాన్‌స్టిక్ వద్దు, దానికి ఇనుప పెనమే. కడిగాక తుడిచి, ఒక నిమిషం వేడి చేసి, నూనె గుడ్డతో రుద్ది పెట్టండి. సబ్బు కొంచెం తగిలితే ఏమీ కాదు, తడి ఆరకుండా వదిలేస్తేనే తుప్పు.

హాస్టల్‌లో ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా పొర కట్టింది. ఈమధ్య నీళ్లు మరిగినా ఆగడం లేదు. (అనంతపురం)

పొర బోరు నీళ్లలోని సున్నం. సగం నీళ్లు పోసి, రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి, ఇరవై నిమిషాలు వదిలేసి పారబోయండి. తర్వాత మామూలు నీళ్లు ఒకసారి మరిగించి పోసేయండి. ఆగకపోవడానికి కారణం మూత దగ్గర ఉంటుంది: ఆవిరి అక్కడి చిన్న రంధ్రంలోంచి వెళ్లి ఒక రేకును వేడి చేస్తే, అది వంగి స్విచ్ పడేస్తుంది. మూత తెరిచి ఉన్నా, నూడుల్స్ నురగతో రంధ్రం పూడినా ఆవిరి అక్కడికి చేరదు. నూడుల్స్ వండుతుంటే మానేయండి, రంధ్రం శుభ్రం చేసి మూత గట్టిగా మూసి చూడండి, అయినా ఆగకపోతే వాడొద్దు.

మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది. కెటిల్‌లో తాగడానికి కాచుకునేవి ఆర్‌ఓ నీళ్లే అయ్యేలా చూసుకోండి.