ఆకుల సారం, ఆక్సీకరణ ఒత్తిడి, కొత్త రక్తనాళాలు: పరిశోధన మొదలుపెట్టే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మహేంద్రగిరి వాలుల్లో సవరలు గాయాలకు వాడే ఆకుల సారం ఆక్సీకరణ ఒత్తిడిని (కణాల్లో ఆక్సిడెంట్లు, అంటే ఇతర అణువులను ఆక్సీకరించే చురుకైన పదార్థాలు, మితిమీరడాన్ని) తగ్గించి, ఆ దారిన కొత్త రక్తనాళాలు మొలిచేందుకు తోడ్పడుతుందా అన్నది బరంపురంలో పరిశోధించబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. జీవరసాయన శాస్త్రం బోధించినవాడిగా ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. ఆక్సిడెంట్లు తగ్గితే రక్తనాళాలు బాగా పెరుగుతాయన్న ఊహతో ప్రయోగం మొదలుపెట్టకు. తక్కువ మోతాదులో అవే ఆ పెరుగుదలకు సంకేతాలు.

కణజాలానికి ఆక్సిజన్ చాలినంత అందుతున్నప్పుడు, ఇనుము, విటమిన్ సి సాయంతో పనిచేసే కొన్ని ఎంజైములు హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్‌కు గుర్తు పెట్టి, దానిని విచ్ఛిన్నానికి పంపిస్తాయి. ఆక్సిజన్ తగ్గితే ఆ ప్రోటీన్ నిలిచి, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ తయారీని పెంచుతుంది. ఈ ఆక్సిజన్ గ్రహణ విధానాన్ని వివరించినందుకే కెలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. మైటోకాండ్రియా నుంచి వెలువడే ఆక్సిడెంట్లు కూడా హెచ్‌ఐఎఫ్ నిలవడానికి సాయపడతాయని పలు ప్రయోగాలు చూపాయి.

నీ పనికి ఇంకా దగ్గరి విషయం ఆ తరువాతి మెట్టులో ఉంది. వీఈజీఎఫ్ వచ్చి రక్తనాళం లోపలి పొరలోని ఎండోథీలియల్ కణం మీది గ్రాహకానికి తగిలినప్పుడు, ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము మేలుకొంటుంది; దాని వల్ల పుట్టిన కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే ఆక్సిడెంట్, గ్రాహకం సంకేతాన్ని ఆర్పివేసే ఫాస్ఫటేజ్ ఎంజైములలోని అమైనో ఆమ్లం సిస్టీన్‌ను ఆక్సీకరించి వాటిని తాత్కాలికంగా నిరోధిస్తుంది, కాబట్టి సంకేతం మరికొంత సేపు నిలుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను పూర్తిగా తీసేస్తే కణాల కదలిక, విభజన మందగిస్తాయి. మోతాదు మించితే కథ తారుమారవుతుంది: సూపర్ఆక్సైడ్ అనే మరో ఆక్సిడెంట్ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి, రక్తనాళాలకు అవసరమైన నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది, కణాలు చనిపోతాయి. మధుమేహం ఉన్న ఒకే మనిషిలో కంటి రెటీనాలో అక్కరలేని నాళాలు మొలవడం, పాదం పుండు దగ్గర కావలసినవి మొలవకపోవడం చూస్తే, ఒకే మందు రెండు చోట్లా మేలు చేస్తుందని ఎందుకు అనుకోకూడదో నీకే తోస్తుంది.

ఇక ప్రయోగశాలలో నువ్వు తప్పక పాటించవలసినవి చెబుతాను. పాలీఫినాళ్లు (మొక్కల్లో ఉండే, తేలికగా ఆక్సీకరణ చెందే పదార్థాలు) నిండిన ఆకుల సారాన్ని కణాలు పెరిగే మీడియంలో కలిపితే, కణాలతో ప్రమేయం లేకుండానే ఆ ద్రవంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దీన్ని గమనించకపోతే, సారం చూపిన ఫలితమా, పెరాక్సైడ్ చూపిన ఫలితమా తెలియదు. అందుకే కణాలు లేని మీడియంలో ముందు కొలిచి, తరువాత పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ ఎంజైము కలిపిన వరుసను పక్కన నడిపించు. నీ మీడియంలో పైరువేట్ ఉందో లేదో సీసా మీద చూడు. అది పెరాక్సైడ్‌ను మింగేస్తుంది కనుక, రెండు రకాల మీడియంలలోనూ ఫలితం ఒకేలా ఉంటుందని అనుకోలేము.

ఆక్సిడెంట్లు తగిలితే మెరిసే డీసీఎఫ్ రంగు ఒక్కదాన్నే నమ్ముకుని ఏ నిర్ణయానికీ రాకు. అది ఏ ఆక్సిడెంట్‌దో చెప్పదు, వెలుతురు తగిలినా మెరుస్తుంది. ఆక్సిడెంట్లను తగ్గించడానికి వాడే ఎన్-అసిటైల్ సిస్టీన్‌తో ప్రభావం పోయిందంటే ఆక్సిడెంటే కారణమని రాసే ప్రబంధాలను నేను సందేహంతోనే చదువుతాను, ఎందుకంటే అది కణంలో మరెన్నో పనులు చేస్తుంది. ఇంక్యుబేటర్‌లో ఆక్సిజన్ సుమారు 20 శాతం ఉంటుందని, మన కణజాలాల్లో చాలా చోట్ల అది అందులో నాలుగో వంతు అటూ ఇటూ మాత్రమేనని గుర్తుంచుకో. వీలైతే ఆక్సిజన్ తగ్గించగల ఇంక్యుబేటర్‌ను అడిగి వాడుకో.

మోతాదులను కనీసం అయిదారు మెట్లలో పెట్టు. కణాలను పరిచే జెల్ అయిన మాట్రిజెల్‌పై నాళాలు అల్లుకోవడం తక్కువ మోతాదులో పెరిగి ఎక్కువలో తగ్గితే భయపడకు. అలాంటి గీత వచ్చినప్పుడు మధ్యలోని మోతాదును పడేసి రెండు చివరలను మాత్రమే చూపించవద్దు. కణాలు లేని మీడియంలో తీసిన మొదటి కొలతలు రాగానే నాకు పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న