పాఠకుల ప్రశ్నలు: విదేశీ ఇంగ్లీషు ప్రాజెక్టులో మన టీచరు మాట చెల్లాలంటే

ప్రశ్న: ఉదయగిరి వైపు మెట్ట పల్లెలో ఎస్‌జీటీగా (ప్రాథమిక బడి టీచరుగా) పనిచేస్తున్నాను. ఐదు తరగతులకు ఇద్దరమే టీచర్లం. విదేశీ సంస్థ సాయంతో ఇంగ్లీషు బోధన ప్రాజెక్టు మా మండలానికి వస్తోంది. పాఠాలు, పరీక్ష ముందే తయారైపోయాయి. తరగతిలో తెలుగు వినబడకూడదంటున్నారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఏం అడగాలి?
– ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు జిల్లా

జవాబు: ముందుగా ఆ తెలుగు నిషేధం గురించే అడగండి. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, ఇంగ్లీషు మాతృభాషైనవాళ్లే ఆదర్శ గురువులు అనే సూత్రాలకు 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన కామన్వెల్త్ సదస్సు బలమిచ్చింది. ఇవి భ్రమలని 1992లో భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ గట్టిగా వాదించారు. తెలుగు అక్కర్లేదంటేనే తెలుగు రాని నిపుణుడి మాట మీ మాటకన్నా పైన నిలుస్తుంది. పెత్తనం అక్కడే మొదలవుతుంది. 'పక్కవాళ్లను అడిగి పట్టిక నింపండి' అనే సూచనను ఇంగ్లీషులో ఐదు నిమిషాలు అభినయించడం దండగ. తెలుగులో అర నిమిషంలో చెప్పేసి, మిగతా సమయమంతా పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించండి.

తర్వాత పీరియడ్ లెక్క వాళ్ల ముందు పెట్టండి. 40 మంది పిల్లలంటే 20 జతలు. ఒక్కో జతనూ విడిగా మాట్లాడించడానికి 2 నిమిషాలిచ్చినా 40 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్‌లో హాజరుకు, పాఠం చెప్పడానికి మిగిలేది 5 నిమిషాలు. పైగా అదే గదిలో ఇంకో తరగతి కూర్చుని ఉంటుంది. అందుకే మీలాంటి బడిలో ముందు రెండు వారాలు నడిపి చూపాలని అడగండి.

శిక్షణ దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. రాష్ట్రంలో వారం రోజులు చెప్పినది పల్లిపాడు డైట్‌కు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థకు) వచ్చేసరికి మూడు రోజులై, కాంప్లెక్స్‌లో ఒక పూటకు కుదించుకుపోతుందనుకోండి. ఈ పద్ధతి ఎందుకు అన్న వివరణ, చేసి చూసుకునే అభ్యాసం మొదట ఎగిరిపోతాయి. స్లైడ్లు మిగులుతాయి. వాటిని చదివి వినిపించే రిసోర్స్ పర్సన్ కూడా ఆ పాఠం ఎక్కడా చెప్పి ఉండకపోవచ్చు. హోటల్ హాల్లో శిక్షణకు పెట్టే డబ్బులో కొంత మీ తరగతిలో నమూనా పాఠాలకు మళ్లించమనండి. కన్సల్టెంట్లకు ఎంత, టీచర్ల టీఏ డీఏలకు ఎంత అన్నదీ అడగండి. ఆ ప్రశ్న అమర్యాదేం కాదు.

పరీక్షపత్రం మాత్రం ముందే చూడాలి. వినికిడి ప్రశ్నల్లో విదేశీ బడిలోని లాకర్లు, కెఫెటేరియా ఉంటే మన పిల్ల తప్పేది ఇంగ్లీషు రాక కాదు, ఆ బడి ఎరగక. అప్పుడు తగ్గిన మార్కులు 'టీచర్ల సామర్థ్యం చాలదు' అంటూ నివేదికకెక్కుతాయి, వాటిని చూపించే రెండో దశకు నిధులడుగుతారు. రేషన్ షాపు, ఆర్టీసీ బస్టాండు, రొయ్యల గుంటలతో ప్రశ్నలు మార్చే హక్కు, పాఠాలు దిద్దుకుని జిరాక్స్ తీసుకునే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. మీరు మార్చిన పాఠానికి మీ పేరూ ఉండాలి.

ఇంకో మాట. టాస్కుల ద్వారా బోధన, అంటే పిల్లల చేత ఏదో ఒక పని చేయిస్తూ భాష నేర్పడం అంటూ విదేశీ ముద్రతో వస్తున్న పద్ధతికి ఒక గట్టి పునాది, 1979-84 మధ్య మన దేశపు ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో నడిపిన ప్రయోగమే. పద్ధతులు పైనుంచే రావాలనేవారికి ఇది చెప్పండి.

ప్రశ్న: విదేశీ టీచరు వస్తేనే పిల్లల ఉచ్చారణ బాగుపడుతుందా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అక్కర్లేదండీ. ఇంగ్లీషు మాతృభాష కావడం బోధనలో అర్హత కాదు. తెలుగు పిల్లలు 'బస్' చివర 'ఉ' చేర్చడం, 'స్కూల్' ముందు 'ఇ' చేర్చడం, వి-డబ్ల్యూ తేడా చూపకపోవడం ఎందుకో తెలుగు తెలిసిన టీచరుకే తొందరగా అర్థమవుతుంది. రోజుకు 10 నిమిషాలు, ఒక్కో వారం ఒక్కో శబ్దం తీసుకుని చేయించమని బడిలో అడగండి. డబ్ల్యూకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, వికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. చిన్న అద్దం ఇస్తే పిల్లలే సరిచూసుకుంటారు.