ముందు గడియారం చూడు, చిన్నా

చిన్నా,

నువ్వు కంప్యూటర్ ఫోరెన్సిక్స్ ల్యాబ్‌లో, అంటే కేసుల్లో దొరికిన డిస్కుల్ని, ఫోన్లని పరిశీలించి సాక్ష్యం తీసే చోట చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఇంట్లో నా పని ఇంకొకరు ఎత్తుకుంటారని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

క్లాసులో చెప్పినవి ఒక్కసారి గుర్తు చేస్తాను, అంతే. డిస్క్ మీద ఏమీ రాయనివ్వకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ లేకుండా డిస్క్ తగిలించకు. అసలు డిస్క్ జోలికి పోకుండా ఇమేజ్, అంటే అచ్చు నకలు, తీసి దాని మీదే పని చెయ్యి. ఫైలుకి వేలిముద్రలాంటి విలువ హాష్; దాన్ని లెక్కగట్టడానికి ఎండీ5 పద్ధతి ఒక్కటే సరిపోదు. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే విలువ తెప్పించవచ్చని 2004లోనే తేలిపోయింది. ఇంకా గట్టిదైన షా-256 పద్ధతిలో కూడా తియ్యి. తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద నడిచే ఎస్ఎస్‌డీ డిస్క్ అయితే ఆలస్యం వద్దు. కరెంటు అందితే చాలు, చెరిపేసిన డేటాను అది లోపల్లోపలే తుడిచేసుకోగలదు. రైట్ బ్లాకర్ కూడా దాన్ని ఆపలేదు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను, నింపాదిగా చదువు.

అప్పటికి ఉద్యోగంలో మూడో ఏడు. ఒక కంపెనీలో కస్టమర్ల వివరాలు బయటికి పోయాయి. ఒక పెన్‌డ్రైవ్ దొరికింది. అందులో ఫైళ్లు ఎప్పుడు కాపీ అయ్యాయో చెప్పడం నా పని. టూల్‌లో రాత్రి 11:40 అని కనిపించింది, నేను అదే రిపోర్టులో రాశాను. ఆ వేళకి ఆఫీసులో ఉన్నది నైట్ డ్యూటీ కుర్రాడు ఒక్కడే. అతని ఉద్యోగం పోయింది, అతని మీద కేసు పెట్టారు, జైల్లో పెట్టారు.

కోర్టులో అవతలి లాయరు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "ఆ పెన్‌డ్రైవ్ ఫైల్ సిస్టమ్ ఏమిటి?" ఫ్యాట్32 అని జవాబు చెబుతుండగానే నాకు ఒళ్లు చల్లబడింది. ఫైల్ సిస్టమ్ అంటే డిస్క్‌లో ఫైళ్లనీ వాటి టైమ్‌నీ రాసిపెట్టుకునే పద్ధతి. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతి టైమ్‌ని యూటీసీలో, అంటే లోకమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో దాచుకుంటుంది. ఫ్యాట్ అలా కాదు, ఆ కంప్యూటర్ గడియారంలో ఎంతుంటే అంతే రాసుకుంటుంది. నేను రెండింటినీ యూటీసీ అనుకుని, రెండింటికీ మన ఐదున్నర గంటల టైమ్‌జోన్ తేడా కలిపేశాను. అసలు టైమ్ సాయంత్రం 6:10. అప్పుడు ఆఫీసు నిండా జనం. ఆ అబ్బాయి ఇంకా డ్యూటీకే రాలేదు.

అతన్ని వదిలేశారు. కానీ అప్పటికి పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. బయట బెంచీ మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో అతని సర్టిఫికెట్ల ఫైలు. నేనెవరో తెలియక, పెద్ద ఆఫీసరుననుకుని లేచి నిలబడి, "మావాడు ఇంటికి రావచ్చా అమ్మా?" అని అడిగింది. తల ఊపాను, అంతే. నోరు పెగల్లేదు.

మనిషి మాటనైతే పదిమంది అనుమానిస్తారు. కంప్యూటర్ చెప్పిందంటే ఎవరూ నోరెత్తరు, నాన్నా. నా భయమంతా అదే. అందుకని డిస్క్ బయటికి తీశాక, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బయోస్ సెట్టింగుల్లో గడియారం చూడు. పక్కన నీ వాచీలో టైమ్ పెట్టుకుని రెండూ కలిపి ఫోటో తియ్యి, నోట్‌బుక్‌లో రాయి. నీ సొంత పెన్‌డ్రైవ్ మీదికి ఒక ఫైలు కాపీ చేసి, టూల్ ఎంత టైమ్ చూపిస్తుందో చూడు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేను పెట్టలేదు.

ఇంకోటి. చిన్నప్పుడు అక్క డైరీ తాళం విరగ్గొట్టి చదివావు, గుర్తుందా? ఆ బుద్ధి ఇక్కడ పనికిరాదు. ఫోన్‌లో మనిషి బతుకంతా ఉంటుంది. అరెస్టు చేసినంత మాత్రాన ఫోన్ వెతకకూడదు, వారెంట్ తెచ్చుకోవాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో రైలీ కేసులో ఏకగ్రీవంగా చెప్పింది ఇందుకే. నీ చేతిలోని ఆర్డరులో మెయిల్స్ అని ఉంటే మెయిల్సే చూడు. వెతుకుతుంటే ఇంకో నేరం కనబడిందా, అక్కడే ఆగి పైవాళ్లకు చెప్పు, కొత్త ఆర్డరు వచ్చేదాకా ముట్టుకోకు. ఎవరి ఫొటోలో చూసి పక్కవాడిని పిలిచి చూపించావని నా చెవిన పడితే ఊరుకోను.

మొదటి కేసు అయ్యాక నాకు ఫోన్ చేసి అంతా చెప్పాలనిపిస్తుంది నీకు. ఫోన్ చెయ్యి, కేసు మాత్రం చెప్పకు, నాకైనా సరే. నిద్ర పడుతోందో లేదో చెప్పు, చాలు. పట్టకపోతే ఎంత రాత్రయినా చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ