పికప్ ఒకవైపు వాలుతోంది: కమాన్ కట్ట మార్చాలా?

పాత బొలెరో పికప్ ఖాళీగా ఉన్నా వెనక ఒకవైపు వాలుతుంటే షాకబ్జార్లు మార్చి లాభం లేదు. బండి ఎత్తును మోసేది ఉక్కు పట్టీలను పేర్చి కట్టిన కమాన్ కట్టే (లీఫ్ స్ప్రింగ్).

ముందు గాలి సరిచూసి, సమతలం మీద నిలిపి, హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి బాడీ అంచు దాకా రెండువైపులా టేపుతో కొలవండి. తేడా ఉన్నవైపు పట్టీలను వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి. పట్టీ విరిగేది ఎక్కువగా సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే బోల్టు) రంధ్రం దగ్గరే; సన్నటి తుప్పు గీతలా కనిపిస్తుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ పెట్టించకండి, ఆ వేడికి పక్కనే మళ్లీ విరుగుతుంది. కట్టలు రెండువైపులా కలిపే మార్చాలి, లేదంటే వాలు అటు మారుతుంది అంతే.

ఛాసిస్ కింద స్టాండ్లు, యాక్సిల్ కింద జాకీ పెట్టి యూ బోల్టులు (కట్టను యాక్సిల్‌కు బిగించే U ఆకారపు బోల్టులు) విప్పండి. తిరిగి బిగించేటప్పుడు యూ బోల్టులు, నట్లు కొత్తవే వాడండి. సాగిన పాతవి బిగువు నిలుపుకోవు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు గుంటలో కచ్చితంగా కూర్చోవాలి, లేకపోతే యాక్సిల్ వంకరై బండి పక్కకు లాగుతుంది. యూ బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

చాలామంది మెకానిక్‌లు వదిలేసేది ఒకటుంది: కట్ట చివర్లలో ఉండే రబ్బరు బుష్షుల బోల్టులను బండి చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులకు మళ్లీ స్పానర్ వేయండి.