బుజ్జీ, ఆ లెటర్ రెండో పేజీ కూడా చదువు

బుజ్జీ,

అక్క ఫోన్ చేసి చెప్పింది. నీకు జర్మనీలో, మాగ్డెబుర్గ్ యూనివర్సిటీలో ఎంఎస్ సీటు వచ్చిందని, బావగారు వీధంతా స్వీట్లు పంచారని. ఎంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను. 2009లో నేను చదువుకోవడానికి వచ్చింది ఈ ఊరికే. ఇన్నేళ్ళ తర్వాత మా అక్క కూతురు అదే గేటులోంచి లోపలికి వెళ్తుందంటే రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

నువ్వు పంపిన అడ్మిషన్ లెటర్ పీడీఎఫ్ మూడుసార్లు చదివాను. మీ ఇంట్లో అందరూ మొదటి పేజీ చూసి ఉంటారు. అభినందనలు, కోర్సు పేరు, నీ పేరు. రెండో పేజీ కింద రెండు తేదీలున్నాయి, అవి చూడు. ఒకటి సీటు నాకు కావాలని నువ్వు ఒప్పుకోవాల్సిన తేదీ. రెండోది ఎన్‌రోల్‌మెంట్ పూర్తి కావాల్సిన తేదీ. ఇక్కడ దాన్ని ఇమ్మాట్రికులాట్సియోన్ అంటారు. లెటర్ వచ్చిందంటే సీటు ఇస్తామన్నారు, అంతవరకే. ఎన్‌రోల్‌మెంట్ అయ్యాకే నువ్వు విద్యార్థివి. అప్పటిదాకా ఐడీ కార్డు లేదు, పరీక్షల రిజిస్ట్రేషన్ లేదు. వీసా గడువు అయ్యాక తీసుకునే రెసిడెన్స్ పర్మిట్‌కీ ఆ కాగితమే కావాలి.

అందుకని ఇవాళ్టి నుంచి ముందుకు లెక్కపెట్టకు. ఆ రెండో తేదీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. క్లాసులు అక్టోబర్ మధ్యలో. ఇంకా చాలా టైముందని ఇంట్లో అనుకుంటారు. అందులో వీసాకే ఎన్ని వారాలు పోతాయో చూస్తే నీకే తెలుస్తుంది.

ముందు ఆ సీటు ఒప్పుకునే పని ఈ రాత్రికే ముగించు. నీ పోర్టల్ పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉందా? అప్లికేషన్ పెట్టినప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు తమ మెయిల్ ఐడీ పెట్టి ఉంటే వెంటనే మార్పించుకో. నాకు తెలిసిన ఒకబ్బాయికి యూనివర్సిటీ ఒక కాగితం తక్కువైందని రెండుసార్లు రాసింది. రెండు మెయిళ్ళూ కన్సల్టెన్సీ ఇన్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. వాళ్ళు చూసేసరికి గడువు దాటిపోయింది. తప్పెవరిదైనా సీటు పోయింది ఆ పిల్లాడికి. ఫారాలు నింపడానికి ఎవరి సాయమైనా తీసుకో, కానీ యూనివర్సిటీతో మాట్లాడేది మాత్రం నువ్వే కావాలి.

ఇక సర్టిఫికెట్లు. నాకు అన్నిటికంటే దిగులు వీటి గురించే. నీ లెటర్‌లో డిగ్రీ పూర్తయినట్టు రుజువు చూపాలని షరతు ఉంది, ఎందుకంటే అప్లై చేసేనాటికి నీ ఆఖరి సెమిస్టర్ రిజల్ట్స్ రాలేదు. ఇప్పుడు వచ్చాయి కదా, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కీ, అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే సీఎంఎంకీ రేపే అప్లై చెయ్యి. ఒరిజినల్ డిగ్రీ అంత త్వరగా చేతికి రాదు. ప్రొవిజనల్ సరిపోతుందా అని యూనివర్సిటీకి రెండు లైన్ల మెయిల్ రాసి, వాళ్ళ జవాబు దాచిపెట్టు. సీనియర్లకు సరిపోయిందంటే నీకూ సరిపోతుందనుకోవద్దు.

మీ కాలేజీ సంగతి అక్క చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదు, మీరు కట్టేసి సర్టిఫికెట్లు పట్టుకెళ్ళండి అంటున్నారట. మన దగ్గర ఇది ఎన్ని ఇళ్ళల్లో కన్నీళ్ళు పెట్టించిందో నాకు తెలుసు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాపీ ఒకటి ప్రింట్ తీసుకుని, నాన్నని తీసుకుని ప్రిన్సిపాల్‌ని నేరుగా కలువు. అడ్మిషన్ లెటర్ చూపించి, ఫలానా తేదీలోగా కావాలని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ఇన్‌వార్డ్ స్టాంప్ వేయించుకో. గొడవ పడొద్దు, కానీ ఉత్త చేతులతో తిరిగి రావద్దు. ఏమీ కుదరక డబ్బు కట్టే వెళ్ళాల్సి వస్తే, ఆ సంగతి విమానం టికెట్ కొనేటప్పుడు కాదు, ఇప్పుడే తెలియాలి.

పేరు గురించి ఒక మాట. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మనలో సగం మందికి ఇంతే. యూనివర్సిటీ, బ్లాక్డ్ అకౌంట్, ఇన్సూరెన్స్, వీసా ఫారం అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయి. ఒకచోట ఇంటిపేరు ముందూ ఇంకోచోట వెనకా రాస్తే ఇక్కడి కంప్యూటర్‌కి నువ్వు ఇద్దరు వేర్వేరు మనుషులు.

వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మన్ ఎంబసీ విభాగం చూసి ఇచ్చేది, తప్పనిసరి, 2022 నవంబర్ నుంచి మనవాళ్ళందరికీ ఉన్న నియమమే. అది నీ దగ్గర ఎలాగూ ఉంది కాబట్టి పెద్ద గండం గడిచినట్టే. ఇక మిగిలింది బ్లాక్డ్ అకౌంట్. ఏడాదికి 11,904 యూరోలు అందులో వేస్తే, ఇక్కడికి వచ్చాక నెలకు 992 చొప్పున నీ చేతికి ఇస్తారు. ఆ డబ్బు పడినట్టు కాగితం ఉంటేనే వీసా ఫైలు పూర్తవుతుంది. లోన్ మంజూరైందని బ్యాంకు మేనేజర్ అన్నంత మాత్రాన డబ్బు కదలదు. విదేశాలకు డబ్బు పంపడానికి నింపే ఫారం ఏ2, సంతకాలు, మధ్యలో శని ఆదివారాలు. వారం పది రోజులు పట్టినా ఆశ్చర్యపోకు. ఇంకో ముఖ్యమైన సంగతి. వీసా కాదంటే కాన్సులేట్‌కే మళ్ళీ విన్నవించుకునే పద్ధతి ఒకటి ఉండేది, దాన్ని 2025 జూలై నుంచి ఎత్తేశారు. ఇప్పుడైతే కొత్తగా అప్లై చేసుకోవాలి, లేదంటే కోర్టుకెళ్ళాలి. అందుకే కాస్త తొందరపడి సగం ఫైలు ఇవ్వడం కంటే మూడు రోజులు ఆగి నిండు ఫైలు ఇవ్వడం మేలు.

డబ్బు పంపే విషయంలో నాకు జరిగింది చెప్తాను. సెమిస్టర్ ఫీజు అని ఒకటి ఉంటుంది. ట్యూషన్ ఫీజు కాదు, విద్యార్థి సంఘానికీ హాస్టళ్ళకీ వెళ్ళేది, కొన్ని యూనివర్సిటీల్లో బస్సు, రైలు పాసుకి కూడా. అప్పట్లో మీ తాతయ్య ఖమ్మంలో బ్యాంకుకి వెళ్ళి సరిగ్గా లెటర్‌లో ఉన్నంతే పంపారు. రసీదు నాకు స్కాన్ చేసి పంపారు కూడా. ఇక్కడ ఆఖరి రోజున కౌంటర్ దగ్గర నిలబడితే, అద్దం వెనక ఉన్నావిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. నా పేరు ఎక్కడా లేదు. తాతయ్య పేరుంది. దాని ఎదురుగా ఉన్న మొత్తం 15 యూరోలు తక్కువ. దారిలో ఏదో బ్యాంకు తన చార్జీ కోసుకుంది. రెఫరెన్స్ గడిలో నా అప్లికేషన్ నంబర్ రాయలేదు. ఆవిడ మర్యాదగానే చెప్పింది, డబ్బు పూర్తిగా రాకుండా ఎన్‌రోల్ చెయ్యలేనని. నగదు తీసుకోరు. నాకింకా ఇక్కడ బ్యాంకు అకౌంటే లేదు. కారిడార్‌లో కూర్చుని ఏడుస్తుంటే గుంటూరు నుంచి వచ్చిన ఒక సీనియర్ తన అకౌంట్ నుంచి ఆ 15 యూరోలు నా నంబర్ రాసి పంపించాడు. అయినా నా ఐడీ కార్డు పది రోజులు ఆలస్యమైంది, ఈలోగా ల్యాబ్ గ్రూపులు నిండిపోయాయి.

కాబట్టి నువ్వు ఎక్కడికి డబ్బు పంపినా రెండు చూసుకో. విదేశీ చార్జీలన్నీ పంపేవాళ్ళవే అని బ్యాంకులో చెప్పించాలి, ఆ ఫారంలో దానికి "అవర్" అనే గడి ఉంటుంది, అది టిక్ చేయించు. రెఫరెన్స్ గడిలో లెటర్‌లో ఇచ్చిన నంబర్, నీ పేరు రాయించు. బ్లాక్డ్ అకౌంట్‌కి కూడా కాస్త పైన వేసి పంపండి. పది యూరోలు తగ్గినా వాళ్ళు కాగితం ఇవ్వరు.

హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ జరగదు. ముప్పై ఏళ్ళలోపు విద్యార్థులు ప్రభుత్వ పద్ధతిలో నడిచే ఇన్సూరెన్స్‌లో చేరవచ్చు. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి. నెలకు సుమారు 150 యూరోలు. నువ్వు ఇంటి దగ్గరున్నప్పుడే ఆన్‌లైన్‌లో చేరి, నీ యూనివర్సిటీ పేరు చెప్పు. వాళ్ళే నేరుగా యూనివర్సిటీకి ఎలక్ట్రానిక్‌గా సమాచారం పంపుతారు. ఇంత ఎందుకు, ప్రైవేటులో చాలా చవకగా వస్తుందని ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో చెప్తారు. వినకు. ఒకసారి ప్రైవేటు కోసం దీన్నుంచి మినహాయింపు రాయించుకుంటే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రావడానికి లేదు. ఆ చవక పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు, పళ్ళ ఖర్చు పట్టదు. నీకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు. విమానం దిగిన రోజు నుంచి ఎన్‌రోల్‌మెంట్ దాకా ఉండే ఖాళీకి మాత్రం వేరేగా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో.

ఇల్లు. విద్యార్థి హాస్టల్ చూసే సంస్థ యూనివర్సిటీ కాదు, వేరే ఉంటుంది. ష్టూడియెరెండెన్‌వెర్క్ అంటారు. సీటు వస్తే గది దానంతటదే రాదు, విడిగా అప్లై చెయ్యాలి, ఈ రాత్రే చెయ్యి. బెర్లిన్, మ్యూనిక్ అంత కరువు ఇక్కడ లేదు కానీ సెప్టెంబర్‌లో అందరూ ఒకేసారి దిగుతారు. ఫేస్‌బుక్‌లో ఫోటోలు చూపించి, ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, అడ్వాన్స్ పంపితే తాళం కొరియర్ చేస్తాడు అంటే అది మోసం. మరో మాట ఆలోచించకు. గది మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సింది, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి ఓనర్ సంతకం పెట్టిన ఫారం ఇస్తాడా లేదా అని. గదిలో దిగిన రెండు వారాల్లో టౌన్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, అది చట్టం. అన్‌మెల్డుంగ్ అంటారు. ఆ కాగితం ఉంటేనే చాలా బ్యాంకులు అకౌంట్ ఇస్తాయి, అకౌంట్ ఉంటేనే బ్లాక్డ్ డబ్బు బయటికి వస్తుంది. ఓనర్ సంతకం పెట్టకపోతే నీ 992 యూరోలు కళ్ళ ముందే ఉండి చేతికి అందవు. ఆఫీసు అపాయింట్‌మెంట్లు కూడా ఆన్‌లైన్‌లో ముందుగా దొరుకుతాయి, టికెట్ తేదీ ఖాయమైన రోజే ఒకటి పట్టుకో.

మొదటి నెలంతా ఈ గొలుసులోనే గడుస్తుంది. కాబట్టి బ్లాక్డ్ డబ్బు కాకుండా విడిగా ఒక 1,500 యూరోలైనా ఫారెక్స్ కార్డులో, కొంత నగదుగా తెచ్చుకో. అందులో గది డిపాజిట్ ఉంటుంది. చట్టప్రకారం అది మూడు నెలల అద్దె దాటకూడదు, మూడు వాయిదాల్లో కట్టవచ్చు. పార్ట్‌టైమ్ పని దొరుకుతుందిలే, దాంతో అద్దె కట్టేస్తానని ఇంట్లో లెక్కలు చెప్పొద్దు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చెయ్యనిస్తారు, నిజమే. కానీ మొదటి సెమిస్టర్ చదువు కోసం ఉంచుకో.

ఒకవేళ వీసా ఆలస్యమై తేదీకి రాలేవనిపిస్తే ఊరుకోవద్దు. గడువు దాటకముందే యూనివర్సిటీకి రాయి, వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ కన్ఫర్మేషన్ జతపెట్టి, ఎప్పటిదాకా ఎన్‌రోల్ కావచ్చని అడుగు. ముందుగా రాస్తే చాలాసార్లు కొన్ని రోజులు పొడిగిస్తారు. గడువు అయిపోయాక రాస్తే జాలిపడతారు, అంతే. వచ్చే ఏడాదికి సీటు దాచిపెట్టే పద్ధతి ఇక్కడ చాలా చోట్ల లేదు, మళ్ళీ మొదటి నుంచి అప్లై చెయ్యాల్సిందే.

సామాను సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్తాలే. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టొద్దని ఇప్పుడే చెప్పు, పాలవీ మాంసానివీ ఈ దేశంలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఎండబెట్టి పొడి చేసివ్వమను. ఆవకాయ, గోంగూర హాయిగా తెచ్చుకో, చెక్-ఇన్ బ్యాగులో రెండు కవర్లు చుట్టి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, లెటర్, ఇన్సూరెన్స్ కాగితం, ఇన్‌హేలర్ మాత్రం భుజానికుండే సంచిలో, సీటు కిందే ఉండాలి.

టికెట్ బెర్లిన్‌కి తీసుకో. అక్టోబర్ 3 ఇక్కడ జాతీయ సెలవు, ఆఫీసులూ షాపులూ మూసేస్తారు, ఆదివారాలూ అంతే. కుదిరితే సెప్టెంబర్ మూడో వారంలో, వారం మొదట్లో దిగేలా చూడు. బెర్లిన్ మెయిన్ స్టేషన్‌లో ఆర్‌ఈ1 అని, మాగ్డెబుర్గ్ అని రాసున్న రైలు ఎక్కితే నేరుగా ఇక్కడికి వస్తుంది. స్టేషన్ బయట ట్రామ్ స్టాప్ దగ్గర ఉంటాను. బాబాయికి సెలవు దొరికితే ఇద్దరం వస్తాం.

ఆ రెండు తేదీలూ నీ చేత్తో కాగితం మీద రాసి, ఫోటో తీసి ఈ రాత్రే నాకు పంపు.

మీ పిన్ని