ఎఫెక్ట్‌లు పోకుండా క్లిప్‌ను మార్చడం: ఆల్ట్ కీ తరవాత మిగిలే పని

ప్రీమియర్ ప్రో అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్‌కు రంగులు సరిచేసి, కీఫ్రేములు (ఏ క్షణంలో ఎఫెక్ట్ ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి, మాస్కులు (ఎఫెక్ట్ ఎంత మేర పడాలో చూపే హద్దులు) గీసిన తరవాత దాని స్థానంలో వేరే షాట్ పెట్టవలసి వస్తే ఆ ఎఫెక్ట్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలా అని మీరు అడిగారు. అక్కర్లేదు. ఫైళ్ల జాబితా ఉండే ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని కొత్త క్లిప్‌ను ఆల్ట్ కీ నొక్కి ఉంచి (మ్యాక్‌లో ఆప్షన్ కీ) క్లిప్పులను వరుసగా పేర్చే టైమ్‌లైన్‌లోని పాత క్లిప్ మీదికి లాగి వదిలితే, ఎఫెక్ట్‌లు ఎక్కడివక్కడే ఉండి బొమ్మ మాత్రం మారుతుంది. ఆల్ట్ ఒక్కటే నొక్కితే కొత్త క్లిప్‌కు మీరు పెట్టిన ఇన్ పాయింట్ నుంచి షాట్ మొదలవుతుంది. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే పాత క్లిప్ ఇన్ పాయింట్‌నే తీసుకుంటుంది. పాత క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే ‘రీప్లేస్ విత్ క్లిప్’ ద్వారా కూడా ఇదే పని జరుగుతుంది.

ఇంతవరకు చెప్పి ఆపేసే ట్యుటోరియల్స్ కొల్లలుగా ఉన్నాయి. నా అభ్యంతరమంతా వాటి మీదే. అవి ఎఫెక్ట్ పోలేదని చూపిస్తాయి గాని, మిగిలిన ఆ ఎఫెక్ట్ కొత్త షాట్‌లో ఏం చేస్తున్నదో చూపించవు.

ఒక స్వచ్ఛంద సంస్థ కోసం నేను చిన్న డాక్యుమెంటరీ ఎడిట్ చేశాను. అందులో ఒకామె తన అనుభవం చెబుతుంటే వెనుక కుడివైపున ఒక పిల్లవాడు కూర్చుని ఉంటాడు. అతని ముఖం చూపించడానికి తల్లిదండ్రుల అనుమతి లేదు కాబట్టి, ముఖం చుట్టూ గుండ్రటి మాస్క్ గీసి, గాసియన్ బ్లర్ (మసక చేసే ఎఫెక్ట్) పెట్టి, తల కదిలినప్పుడల్లా మాస్క్ కూడా కదిలేలా ట్రాక్ చేశాను. పని ముగిసే దశలో సంస్థవారు అదే గదిలో తీసిన మరో టేక్ పంపి, ఆమె మాట అందులో స్పష్టంగా ఉంది గనుక దాన్ని పెట్టమన్నారు. ఆల్ట్ నొక్కి లాగాను. ఎఫెక్ట్ కంట్రోల్స్ ప్యానెల్‌లో మోషన్ (స్థానం, స్కేల్), లుమెట్రీ (రంగులు దిద్దే ఎఫెక్ట్), మాస్క్‌తో సహా గాసియన్ బ్లర్, అన్నీ పాత వరుసలోనే కనిపించాయి. ప్లే చేసి చూస్తే మాత్రం ఆ మసక ముద్ద కుడివైపు ఖాళీ గోడ మీద, అక్కడ లేని తలను వెంటాడుతున్నట్టుగా అటూ ఇటూ మెల్లగా జరుగుతోంది. కొత్త టేక్‌లో పిల్లవాడు ఎడమవైపు, కిటికీ పక్కన, వెలుగు నేరుగా ముఖం మీద పడేలా కూర్చుని ఉన్నాడు. ఏ ముఖాన్ని దాచడానికి ఆ ఎఫెక్ట్ పెట్టామో ఆ ముఖమే తెరమీద తేటతెల్లంగా కనబడుతోంది. వెంటనే మాస్క్ పాత్ కీఫ్రేములన్నీ తీసివేసి, కొత్తగా గీసి, మళ్లీ ట్రాక్ చేసి, ఆ షాట్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూసిన తరవాతే సంస్థవారికి పంపాను. మాస్క్ ఉన్న క్లిప్‌ను మార్చినప్పుడు పూర్తి షాట్ ప్లే చేసి చూడకుండా ఎవరికీ పంపకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఎఫెక్ట్‌లలో కొన్ని ఏ షాట్‌కైనా సరిపోతాయి, కొన్ని ఒక్క షాట్‌కే చెందుతాయి. మాస్క్ ట్రాకింగ్ రెండో రకం. కెమెరా కుదుపులను తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ కూడా అంతే, ఎందుకంటే అది పాత షాట్‌లోని కుదుపులను లెక్కగట్టి పెట్టుకుంటుంది గనుక కొత్త షాట్‌కు మళ్లీ అనలైజ్ చేయించాలి. లాగ్‌లో (రంగులు తరవాత దిద్దుకునేందుకు వీలుగా కాంట్రాస్ట్ తక్కువగా ఉండే ప్రొఫైల్) తీసిన షాట్‌కు సరిచేసిన రంగులను మామూలు ప్రొఫైల్‌లో తీసిన షాట్‌కు అంటగడితే కాంట్రాస్ట్ విపరీతంగా పెరిగి ముఖాలు మాడినట్టు కనిపిస్తాయి. స్కేల్ సంగతి మరీ ముఖ్యం. 1920x1080 పిక్సెళ్ల సీక్వెన్స్‌లో (టైమ్‌లైన్‌లో కూర్చే వీడియో) 3840x2160 క్లిప్‌ను 50 శాతానికి కుదించి పెట్టుకుని, దాని స్థానంలో 1920x1080 క్లిప్ తెస్తే, ఆ 50 శాతం అలాగే ఉండిపోయి బొమ్మ తెరలో నాలుగో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. కొత్త ఫుటేజ్ పంపేవారు దాని రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్ ఒక్క వాక్యంలో రాసి పంపితే ఎంతో శ్రమ తప్పుతుంది గాని, అలా రాసేవారు నాకు చాలా అరుదుగా తగిలారు.

‘రీప్లేస్ ఫుటేజ్’ అనే మరో ఆజ్ఞను కూడా చాలామంది ఇదే పనికి సూచిస్తుంటారు. అది ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని మూల ఫైల్‌నే మారుస్తుంది కాబట్టి, ఆ క్లిప్‌ను టైమ్‌లైన్‌లో ఎన్నిచోట్ల వాడారో అన్నిచోట్లా మారిపోతుంది. అదే షాట్ రంగులు దిద్దుకుని తిరిగి వచ్చినప్పుడు అంతకన్నా మంచి మార్గం లేదు. అయితే కొత్త ఫైల్ మొదట్లో నాలుగు ఫ్రేములు ఎక్కువున్నా, ప్రతి కట్ దగ్గరా షాట్ ఆ నాలుగు ఫ్రేముల మేర జరిగిపోతుంది. ఒక్కచోట మాత్రమే మార్చాలనుకునే మీలాంటివారు దాని జోలికి వెళ్లకూడదు.

నా అభిప్రాయంలో, మారే అవకాశం ఉన్న క్లిప్‌ను ముందే నెస్ట్ చేసుకోవడం, అంటే దాన్ని వేరే సీక్వెన్స్‌లో ఉంచి ఆ సీక్వెన్స్‌నే ఒక క్లిప్‌లా వాడడం, అన్నిటికన్నా మేలు. జూమ్ కీఫ్రేములు, మొత్తం సినిమాకు వర్తించే రంగు నెస్ట్ మీద పెట్టి, ఆ ఒక్క షాట్‌కే చెందిన దిద్దుబాట్లు నెస్ట్ లోపల ఉంచాలి. షాట్ మారినప్పుడు లోపలికి వెళ్లి కొత్త క్లిప్‌ను ఫ్రేమ్‌కు సరిపడా కుదిర్చితే, బయట పెట్టినవాటిని ముట్టుకోనక్కర్లేదు. చాలామంది ఇందుకు అడ్జస్ట్‌మెంట్ లేయర్ (కింది క్లిప్పుల మీద ఎఫెక్ట్ పడేలా పైన పరిచే ఖాళీ పొర) వాడమంటారు. రంగుకైతే అది బాగానే పనికివస్తుంది గాని, కింది క్లిప్ ఒక్కదాన్నే పట్టుకుని జరిపితే లేయర్ వెంట రాదు కాబట్టి, కీఫ్రేములున్నచోట నేను దాన్ని వాడను.

ఇప్పటికే నెస్ట్ లేకుండా అంతా పూర్తి చేసి ఉంటే, పాత క్లిప్‌ను చెరిపేయకుండా పై ట్రాక్‌లోకి జరిపి, డిసేబుల్ చేసి ఉంచండి. కొత్తదాన్ని కింద పెట్టి, పాతదాన్ని కాపీ చేసి, కొత్తదాని మీద ‘పేస్ట్ అట్రిబ్యూట్స్’ తెరవండి. అందులో మోషన్, ఒపాసిటీ, ఒక్కొక్క ఎఫెక్ట్ విడివిడిగా టిక్ పెట్టుకునే వీలుంటుంది కాబట్టి, మాస్క్‌తో ఉన్న బ్లర్‌నూ స్టెబిలైజర్‌నూ వదిలేసి మిగిలినవి తెచ్చుకోవచ్చు. రెండు క్లిప్పుల నిడివి వేరైతే కింద ఉన్న ‘స్కేల్ అట్రిబ్యూట్ టైమ్స్’ కూడా టిక్ పెట్టండి, కీఫ్రేముల మధ్య దూరం కొత్త నిడివికి తగ్గట్టు సర్దుకుంటుంది.