డాక్టర్ సలహా: షుగర్ మాత్ర వేసుకుంటూ 16 గంటల ఫాస్టింగ్ చేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42. ఎత్తు 160 సెంటీమీటర్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలల కిందట 82 కిలోలు ఉన్నప్పుడు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ మొదలుపెట్టాను. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తింటాను. మిగతా 16 గంటలు మంచినీళ్లు, బ్లాక్ కాఫీ తప్ప ఏమీ ముట్టను. పొద్దున్నే పరగడుపున 40 నిమిషాలు నడుస్తాను. మొదటి మూడు వారాల్లో 3 కిలోలు తగ్గాను. ఆ తర్వాత రెండు నెలలుగా ముల్లు 79 దగ్గరే ఆగిపోయింది. జుట్టు బాగా రాలుతోంది. పదిన్నర, పదకొండు గంటలప్పుడు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. అలవాటయ్యేదాకా ఇంతేలే అని ఓర్చుకుంటున్నాను. 16 గంటలు దాటాకే శరీరం తనను తాను శుభ్రం చేసుకుంటుందని విన్నాను. 20 గంటలకు పెంచితే మళ్లీ బరువు తగ్గుతానా? రెండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను.

జవాబు: అమ్మా, మీరు అడిగింది బరువు గురించి. నేను ముందు మాట్లాడాల్సింది మాత్రం లేఖ చివర్లో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాత్ర గురించి. 20 గంటల ఆలోచన వదిలేయండి. ఇప్పుడు చేస్తున్న 16 గంటల ఫాస్టింగ్ కూడా రేపటి నుంచి ఆపండి. పొద్దున టిఫిన్ తినండి, మాత్రను ఆ టిఫిన్‌తోపాటే వేసుకోండి. మీకు వైద్యం చేస్తున్న డాక్టర్‌ను కలిసేదాకా ఇలాగే చేయండి. మాత్రను మాత్రం మీ అంతట మీరు మానేయొద్దు.

ఎందుకంటే, గ్లిమెపిరైడ్ ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, ఖాళీ కడుపుతో ఉన్నారా అన్నది దానికి పట్టదు. అందుకే దాన్ని రోజులో తినే మొదటి పెద్ద ఆహారంతో వేసుకోమంటాం. మీరేమో పొద్దున మాత్ర వేసుకుంటున్నారు, నడుస్తున్నారు, మధ్యాహ్నం దాకా ఏమీ తినడం లేదు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. మాత్ర దాన్ని ఇంకా కిందికి దించుతుంది. పదకొండు గంటలకు వణుకు, చెమటలు వస్తున్నాయంటే నాకు మొదట వచ్చే అనుమానం షుగర్ పడిపోతోందనే. దాన్ని ఓర్చుకోకూడదు. మాటిమాటికీ షుగర్ పడిపోతూ ఉంటే, కొన్నాళ్లకు ఆ హెచ్చరికలు కూడా మందగిస్తాయి. వణుకు లేకుండానే మనిషి తికమకపడి, కళ్లు తిరిగి పడిపోయే స్థితి వస్తుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచుకోండి. వణుకు మొదలవగానే వేలు గుచ్చి చూడండి. 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకొని తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే మళ్లీ తాగండి, దాటాక ఏదైనా తినండి. మీటర్ చేతికి అందకపోతే దాని కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, ముందు పంచదార నీళ్లు తాగేయండి. ఆ సమయాల్లో చూసిన రీడింగులన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపించండి. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా, ఉపవాసం అసలు వద్దా అన్నది తేల్చడానికి మీరు చెప్పే పది మాటలకన్నా ఆ కాగితమే ఎక్కువ పనికొస్తుంది.

ఇది చదువుతున్న మిగతా షుగర్ పేషెంట్లకు కూడా ఒక మాట. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇలా షుగర్ పడిపోవడం అరుదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఉపవాసం మొదలుపెట్టకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులతో ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కువసేపు తినకుండా ఉంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటో ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవచ్చు, అది కూడా షుగర్ రీడింగ్ పెద్దగా పెరగకుండానే. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బీపీ మాత్రలు వాడేవాళ్లకు బరువు తగ్గేకొద్దీ పాత మోతాదే ఎక్కువైపోయి లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, ఇప్పటికే బక్కగా ఉన్నవాళ్లు, గతంలో తిండి మానేయడం లేదా అతిగా తిని వాంతి చేసుకోవడం లాంటి సమస్యతో బాధపడినవాళ్లు ఈ పద్ధతి జోలికే వెళ్లొద్దు.

ఇక బరువు సంగతి. మొదటి మూడు వారాల్లో తగ్గిన 3 కిలోలు చూసి మీరు ఎంత సంతోషించి ఉంటారో ఊహించగలను. కానీ అందులో కొవ్వు ఎంత, నీరు ఎంత అన్నది చూడాలి. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా ఉంటుంది. తిండి తగ్గించగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే. దాంతోపాటే నీరూ పోతుంది. కాబట్టి మొదట్లో ముల్లు గబగబా దిగడం మామూలే. ఆ వేగాన్నే కొలమానంగా పెట్టుకుంటే తర్వాత వచ్చే నెమ్మది వైఫల్యంలా కనిపిస్తుంది. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోక్యాలరీలు ఉంటాయి. రోజుకు 500 తగ్గించుకుంటే వారానికి దాదాపు అరకిలో. అంతకన్నా తొందర అక్కర్లేదు. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం కూడా పెరుగుతుంది.

మరి రెండు నెలలుగా అసలే తగ్గడం లేదేం? ఉపవాసం గంటలు చాలకా? కాదు. ఈ విషయంలో పరిశోధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయం ఉన్న 139 మందిని రెండు జట్లుగా చేసి ఏడాది పాటు చూశారు. ఇద్దరికీ క్యాలరీలు సమానంగా తగ్గించారు. ఒక జట్టు మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తినాలి. ఏడాది చివర ఆ జట్టు సగటున 8 కిలోలు, రెండో జట్టు 6.3 కిలోలు తగ్గింది. ఆ కాస్త తేడాకు గణాంకాల ప్రకారం విలువ లేదని తేల్చారు. 2022లో వచ్చిన ఫలితం ఇది. తినే వేళల్ని కుదించడం ఒక కంచె లాంటిది. రాత్రి పది గంటలకు టీవీ ముందు తినే చిరుతిళ్లను ఆపడానికి చాలామందికి అది బాగా ఉపయోగపడుతుంది. కంచె లోపల ఎంత తింటున్నామన్నదే బరువును నిర్ణయిస్తుంది.

నా దగ్గరకు వచ్చే ఒకామెది మీలాంటి ఇబ్బందే. ఎనిమిది గంటల్లోనే తింటున్నా బరువు దిగడం లేదని బాధపడేది. వారం రోజులు తిన్నదల్లా టైముతో సహా నోట్‌బుక్‌లో రాయమన్నాను. తెచ్చి చూపించింది. మధ్యాహ్నం భోజనం బాగానే ఉంది. రాత్రి 7:40కి డిన్నర్. అక్కడి నుంచి ప్రతి రోజూ ఒకే వరుస: 7:50కి గుప్పెడు జీడిపప్పు, 7:55కి రెండు బిస్కెట్లు, 7:58కి పాలు. "ఎనిమిది దాటితే మళ్లీ రేపు మధ్యాహ్నం దాకా ఏమీ ఉండదు కదా డాక్టర్, భయమేస్తుంది" అంది. ఆకలి కాదు, ఆకలేస్తుందేమోనన్న భయం. ఒక గుప్పెడు జీడిపప్పులోనే 170 కిలోక్యాలరీల దాకా ఉంటాయి. మీరు 40 నిమిషాలు వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200. మీరూ ఒక వారం రాసి చూడండి. తప్పు పట్టుకోవడానికి కాదు, ఏ వేళ చేయి తెలియకుండా డబ్బాలోకి వెళ్తోందో మీకే తెలుస్తుంది.

శరీరం తనను తాను శుభ్రం చేసుకుంటుందన్న మాట ఆటోఫజీ గురించి. కణాలు తమలోని పాడైన భాగాలను విడగొట్టి మళ్లీ వాడుకునే ప్రక్రియ అది. దాని గుట్టు విప్పినందుకు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఆయన కీలక ప్రయోగాలు ఈస్ట్ కణాల మీద చేశారు. మనిషి శరీరంలో సరిగ్గా 16వ గంటకు ఏదో స్విచ్ పడుతుందని ఎవరూ నిరూపించలేదు. ఆ గడియారం చూసుకుంటూ వణికే చేతులతో కూర్చోవద్దని నా మనవి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇంకొకటుంది. అది కండ. 2020లో అమెరికాలో 116 మందితో 12 వారాల పరిశోధన జరిగింది. అందులో ఒక జట్టుకు సరిగ్గా మీరు పాటిస్తున్న వేళలే, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8. వాళ్లు సగటున కిలో కూడా తగ్గలేదు. వాళ్లలో కొందరి శరీర కూర్పును పరీక్షించి చూస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదు, కండ లాంటి కొవ్వేతర భాగమే. వాళ్లకు ఇంత ప్రొటీన్ తినమనిగానీ, వ్యాయామం చేయమనిగానీ చెప్పలేదు. మీరు పూటకు పూట ఎగ్గొట్టి, నడక ఒక్కటే చేస్తుంటే మీకూ అదే జరిగే వీలుంది. భోజనం తర్వాత గ్లూకోజ్ ఎక్కువగా చేరేది కండరాల్లోకే. షుగర్ ఉన్న మనిషి కండ పోగొట్టుకోవడమంటే ఆ గ్లూకోజ్ వెళ్లాల్సిన చోటును తగ్గించుకోవడమే.

అందుకని నడకను మానకండి గానీ వేళ మార్చండి. మందు సంగతి తేలేదాకా పరగడుపున వద్దు. తిన్నాక పదిహేను నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు నడిస్తే భోజనం తర్వాత పెరిగే షుగర్ కూడా అదుపులోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెప్పింది. చాలామంది మొదటి సగం పాటించి రెండోది వదిలేస్తారు. జిమ్ అవసరం లేదు. గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని నెమ్మదిగా కూర్చోండి, పిరుదులు కుర్చీకి ఆనీ ఆనకముందే లేవండి. పది సార్లు. ఊపిరి బిగబట్టొద్దు. తర్వాత గోడకు రెండు చేతులూ ఆనించి పుషప్‌లు, పది. రెండు లీటర్ సీసాల్లో నీళ్లు నింపి భుజాల పైకి ఎత్తడం, పది. మధ్యలో కాస్త ఆగి ఇదంతా ఇంకోసారి. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పది తేలికైపోయినప్పుడు పన్నెండు చేయండి, సీసాలు పెద్దవి తీసుకోండి. మోకాళ్లలో నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

ప్రొటీన్ మీకు రోజుకు 80 గ్రాములకు తగ్గకుండా చూసుకోండి. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, కాబట్టి ఒక్క పూటలో ఇంత అందడం కష్టం. మూడు పూటలా పంచుకోవాలి. పప్పులు, గుడ్లు, చేపలు, చికెన్, పెరుగు, పనీర్, మీకు ఏది నచ్చితే అది. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఈ లెక్క మీకు వర్తించదు, డాక్టర్ చెప్పినంతే.

జుట్టు గురించి టెన్షన్ వద్దు. బరువు వేగంగా తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం తరచూ చూస్తాం. తిండి సరిపడా అందితే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే బరువు దిగకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

మందులు సరిచేశాక మీ డాక్టర్ సరేనంటే తినే వేళలు మళ్లీ పెట్టుకోవచ్చు. ఉదయం 9 నుంచి సాయంత్రం 7, అంటే 14 గంటల విరామం చాలు. మీ షుగర్ వచ్చి రెండేళ్లే అయిందన్నారు, అది మంచి అవకాశం. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు చాలా తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి, 46 శాతానికి, మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకుమించి తగ్గినవాళ్లలో అది 86 శాతం. వాళ్లు గంటలు లెక్కపెట్టలేదు. ఇంకో సంగతి గమనించండి. ఆ ఆహారం మొదలైన రోజే వైద్యులు వాళ్ల షుగర్, బీపీ మాత్రలు ఆపించి, తర్వాత జాగ్రత్తగా గమనిస్తూ వచ్చారు. తిండి తగ్గించేముందు మందు సంగతి చూడాలని నేను ఇంతగా చెబుతున్నది అందుకే.

ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. అప్పటిదాకా హ్యాండ్‌బ్యాగ్‌లో గ్లూకోజ్ బిళ్లలో, పంచదార పొట్లమో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకు కూడా ఒకటి చెప్పి ఉంచండి: మీరు పొంతన లేకుండా మాట్లాడుతుంటే పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే అంబులెన్స్ పిలవాలి.